గవర్రాజు గారి చెవులు

మా ఊళ్ళో వీరభద్రం, సూరిబాబు అని ఇద్దరు అన్నదమ్ములు. తమకున్న తెలివి ఊరంతటికీ పంచినా ఇంకా మిగులుతుందని వాళ్ళ నమ్మకం. పంచలేదు కాబట్టి ఊరు బాగానే ఉంది.

వాళ్ళ మేనత్త మంగాయమ్మ చేగోడీలు వండి బతుకుతోంది. పట్నంలో మిఠాయికొట్టు గవర్రాజు గారు, "వేగే చప్పుడుతో సహా వీడియో తీసి చూపించు. నచ్చిందా, ఏడాది పొడుగునా సరుకు నీ దగ్గరే" అన్నారు. ఎలాగైనా ఈ బేరం కుదరాలని ఆవిడ వెయ్యి దేవుళ్ళకి మొక్కి, పని మాత్రం మేనల్లుళ్ళకి అప్పగించింది.

మైకుల కొట్టువాడు తీగల్లేని బుల్లి మైకులు రెండు ఇచ్చాడు. "ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి పెట్టండి. హెడ్‌ఫోన్స్‌లో వింటే అక్కడే కూర్చుని విన్నట్టుంటుంది. తల కదపొద్దు, నోరు విప్పొద్దు" అని చెప్పాడు.

ఇంకేముంది! అన్న ఎడమ చెవిలో ఒకటి, తమ్ముడి కుడి చెవిలో ఒకటి. అన్న పొయ్యి దగ్గర నిలబడ్డాడు, తమ్ముడు గేదెల పాకలో కూర్చున్నాడు. తీరా వింటే ఒక చెవిలో నూనె చిటపట, రెండో చెవిలో గేదె నెమరు.

"నా చేగోడీలు గేదె నములుతున్నట్టుంది కదరా! రెండూ ఒకే తలకి పెట్టండ్రా సన్నాసుల్లారా!" అంది అత్త.

అంతే, రెండూ సూరిబాబుకే పెట్టారు. తల కదపకూడదుగా, తువ్వాలుతో గుంజకి బిగించి కట్టేశారు. అత్త ఒక వాయి తీసి, పిండి కోసం లోపలికెళ్ళింది. మేక వచ్చి తట్టలో మూతి పెట్టింది. సూరిబాబు గుడ్లప్పగించి చూశాడు. వీరభద్రం శ్రద్ధగా వీడియో తీశాడు. తట్ట ఖాళీ.

"మేక తినేస్తుంటే అదిలించరట్రా?"

"నోరు విప్పొద్దన్నాడత్తా. మేక్కి చెప్పలేదు, అందుకే విప్పింది."

పాపం, అత్తకి ఏడుపొక్కటే తక్కువ. మూడో వాయికి తనే కర్ర పట్టుకుని కూర్చుంది. దేవుడి దయవల్ల వీడియో కుదిరింది.

మర్నాడు గవర్రాజు గారు వచ్చారు. రుచి చూపిద్దామని అత్త వంటింట్లో మూకుడు పెట్టింది. ఆయన వసారాలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"అబ్బబ్బ! పొయ్యి పక్కనే ఉన్నానర్రా! నూనె మీద పడేలా ఉంది!"

అన్నదమ్ములు నూనె నిజంగానే పడుతోందనుకున్నారు. చెరో బిందె ఎత్తి ఆయన నెత్తిన గుమ్మరించారు.

"ఓరి మీ తెలివి తగలెయ్య! నేనిక్కడే ఉన్నాను కదరా! నా చెవులు మాత్రమే అక్కడున్నాయి!"

అంతే! ఇద్దరూ వంటింట్లోకి ఒకటే పరుగు. అత్త చేతిలో చిల్లుల గరిటె లాక్కుని మూకుడు దేవడం మొదలెట్టారు.

"ఏవైందిరా? ఆయనకి నచ్చిందా? బేరం కుదిరినట్టేనా?" అంది అత్త ఆశగా.

సూరిబాబు గరిటెతో ఒక చేగోడీ పైకెత్తి, "ఒక చెవి దొరికిందత్తా! కాస్త మాడింది గానీ, అతికించేస్తే బేరం మనదే!" అంటూ వసారాలోకి పరిగెత్తాడు.