ఖలీల్ సాహెబ్ తాయెత్తు

నాగవేణికి తన వేళ్ళ మీద నమ్మకం జాస్తి. కడపలో ఖలీల్ సాహెబ్ దగ్గర యూనిక్స్ నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాళ్ళలో ఆమె అంత చకచకా కమాండ్లు కొట్టేవాళ్ళు లేరు. ఆమెకు ఒక్కటే చిరాకు. దూరాన ఉన్న కంప్యూటర్ మిషన్‌లో రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్‌ని ముట్టుకునే ముందు సాహెబ్ అందరిచేతా ఒక లైను వేయించేవారు. "కాసేపట్లో నేను వచ్చి వద్దనకపోతే, పాత నియమాలే మళ్ళీ పెట్టుకో" అని మిషన్‌కి చెప్పి ఉంచే లైను అది. శిష్యులు దానికి తాయెత్తు అని పేరు పెట్టారు.

ఆ పొద్దున రాయచోటి లైబ్రరీలోని మిషన్‌ని సాహెబ్ నాగవేణికి అప్పగించారు. ఒంటరిగా ఆమె చేతికొచ్చిన మొదటి పని. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని ఆపాలో కడప నుంచే దానికి కొత్తగా చెప్పాలి. మధ్యాహ్నం పిల్లలు పరీక్ష రాసేది దాని మీదే.

"తాయెత్తు కట్టినావా పాపా?"

"భయపడేవాళ్ళకు సార్ తాయెత్తులు," అంది నాగవేణి. గదంతా నవ్వింది. సాహెబ్ కూడా నవ్వి, తన కీబోర్డు మీద ఏదో టకటకలాడించి, టీ తెప్పించుకున్నారు.

నాగవేణి ముందు "ఎవరినీ రానివ్వకు" అని కొట్టింది. ఆ తర్వాత "నన్ను మాత్రం రానివ్వు" అని కొట్టాలి. కానీ మొదటి లైనుకు ఎంటర్ నొక్కగానే మిషన్ బుద్ధిగా మాట విన్నది. ఎవరినీ అంటే ఎవరినీ! ఆమెనే బయటికి నెట్టేసింది. ఇక రెండో లైను చెప్పడానికి దారేది?

నాగవేణి మళ్ళీ మళ్ళీ కొట్టి చూసింది. సాహెబ్ కంప్యూటర్ నుంచి ప్రయత్నించినా లోపలికి రానివ్వలేదు. ఎవరో ఒకరు కనుమ దాటి రాయచోటి వెళ్ళి ఆ మిషన్ ముందు కూర్చోవాల్సిందే. ఈలోపు పిల్లల పరీక్ష కాస్తా గంగలో కలుస్తుంది.

"సార్, నేను బస్సెక్కి పోతా," అంటూ బ్యాగు భుజానికి తగిలించుకుంది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"పోదువులే. వచ్చేటప్పుడు దారిలో గువ్వలచెరువులో పాలకోవా తీసుకురా. ముందు ఈ టీ తాగు."

"టీ ఏంది సార్, ఇప్పుడు!"

"తాగు పాపా."

సాహెబ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగారు. నాగవేణి గ్లాసు పట్టుకుందన్న మాటే గానీ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. తన గ్లాసులో టీ సగానికి రాకముందే ఆయన తెరవైపు చూపించారు. "ఒకసారి కొట్టి చూడు."

కొట్టింది. రాయచోటి మిషన్ ఏమీ జరగనట్టు, రా రమ్మని తలుపు తీసింది.

నాగవేణి ఎగిరి గంతేసింది. టీ ఒలికింది. గది మొత్తం చప్పట్లు.

కాసేపటికి ఆమెకు వెలిగింది. "తాయెత్తు మీరే కట్టినారా సార్?"

"మీరంతా నవ్వేటప్పుడు కట్టినా."

"అంటే, నేను తప్పు చేస్తానని ముందే తెలుసా?"

"తెలీదు పాపా. తెలీదు కాబట్టే కట్టినా."

నాగవేణి బ్యాగు పక్కన పెట్టి మళ్ళీ కూర్చుంది. ఈసారి మొట్టమొదట తాయెత్తు లైను కొట్టింది, నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ.

అది చూసి సాహెబ్ తన కంప్యూటర్ ఆపేశారు. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని ఇంకో టీ చెప్పారు.

నాగవేణి నల్లబడిన ఆ తెరను చూసింది. ఈసారి ఉన్నది తను కట్టిన తాయెత్తు ఒక్కటే. ఆమె మొహం విప్పారింది. ఎంటర్ నొక్కింది.