పన్నెండు వాక్యాల కాఫీ

గుడేటివారింట్లో తెలివికి కొదవలేదని ఊరు ఒప్పుకోకపోయినా ఆ ఇంట్లో నలుగురూ ఒప్పుకున్నారు. అది చాలనుకున్నారు. "ఎదురింటివాళ్ళకి అందరికీ కలిపి ఒక్కటే బుర్ర. నా పిల్లల్లో ఎవడి బుర్ర వాడికే ఉంది" అనేది సువార్తమ్మ. పెద్దవాడు కృపానందం, నడిమివాడు దయారత్నం, చిన్నవాడు నిరీక్షణ. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడంలో ఒకణ్ణి మించినవాడు ఒకడు.

ఆ నలుగురూ సంఘంవాళ్ళతో కలిసి యెరూషలేము యాత్రకి బయలుదేరారు. పొద్దున్నే కాఫీ పడకపోతే సువార్తమ్మకి తల పగిలిపోతుంది. అది తెలిసిన సండేస్కూలు టీచరమ్మ ఒక కాగితం రాసిచ్చింది. కాఫీ కొనుక్కోవడానికి హెబ్రీ భాషలో పన్నెండు వాక్యాలు, పక్కనే తెలుగులో అర్థాలు.

"ఇవి వస్తే అక్కడ కాఫీకి లోటుండదు. ఒక్కటి కూడా వదలకండి" అంది.

అంతే. దారిపొడుగునా కొడుకులు పైకి చదువుతుంటే తల్లి వింటూ కూర్చుంది. సండేస్కూల్లో వాక్యాలు అప్పజెప్పినట్టు వరస తప్పకుండా నేర్చుకున్నారు. మధ్యలో తప్పితే మళ్ళీ ఒకటో వాక్యం నుంచి.

దిగిన మర్నాడే బసలో కాఫీ యంత్రం పనిచెయ్యలేదు. వీధి దాటితే కాఫీ కొట్టుంది. బస్సు ఏడున్నరకి కదిలితే మధ్యాహ్నందాకా ఎక్కడా ఆగదు. అప్పటికే ఏడు దాటింది. సువార్తమ్మ తలకి గుడ్డ బిగించి కట్టుకుని కొట్టు ముందున్న బల్ల మీద కూలబడింది.

"పెద్దోడా, నువ్వెళ్ళరా. నీకు కంఠం ఉంది."

కృపానందం లోపలికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బోకెర్ తోవ్. మా ష్లోమ్‌ఖా. అనీ రోత్సె కఫే, బెవకషా" అన్నాడు. శుభోదయం అయింది, కులాసా అడగడం అయింది, కాఫీ కావాలి దయచేసి అనీ అయింది. అక్కడ నోరు మూసుకుంటే కాఫీ వచ్చేది. కానీ ఒక్కటీ వదలొద్దన్నారు కదా. ఒక కప్పు, పాలతో, పాలు లేకుండా, పంచదారతో, పంచదార లేకుండా, వేడిగా, చల్లగా అని వరసగా అప్పజెబుతూ పోయాడు.

కొట్టాయన బిత్తరపోయాడు. "ఇమ్ ఖలావ్? బ్లి ఖలావ్?" అని ఆపాడు. పాలతోనా, పాలు లేకుండానా అని.

ఇంకేముంది. వరస తెగింది. కృపానందం ఒకటో వాక్యం నుంచి మళ్ళీ మొదలెట్టాడు. ఆయన మళ్ళీ అదే అడిగాడు. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి కృపానందం ఉత్తచేతులతో బయటికొచ్చాడు.

"అమ్మా, పాపం ఆయనకి అయిదో వాక్యం, ఆరో వాక్యం తప్ప రావు."

"అంత పెద్ద కొట్టు పెట్టుకుని రెండేనా?"

"చదువుకోవలసిన వయసులో ఆడుకుని ఉంటాడు."

సువార్తమ్మ జాలిపడింది. జాలితో తలనొప్పి తగ్గదు కనుక కణతలు నొక్కుకుంది.

దయారత్నం ఆలోచన చెప్పాడు. "పన్నెండూ ఒక్కడే చెబితే ఆయన తట్టుకోలేడు. తలా నాలుగు పంచుకుందాం."

ముగ్గురూ వెళ్ళారు. కృపానందం తన నాలుగూ చెప్పి పక్కకి తప్పుకున్నాడు. దయారత్నం నోరు తెరిచేలోపు కొట్టాయన "ఇమ్ ఖలావ్?" అన్నాడు.

"అది నా వాక్యం. నా వాటా ఆయన చెప్పేశాడు."

"పోనీ ఆరోది చెప్పరా" అన్నాడు కృపానందం.

"బ్లి ఖలావ్?" అన్నాడు కొట్టాయన.

"అదీ ఎత్తుకుపోయాడు. ఇక నేనెందుకు ఇక్కడ?" దయారత్నం అలిగి గోడవైపు తిరిగాడు.

నిరీక్షణ కల్పించుకున్నాడు. "ఆయన చేతే మొత్తం అప్పజెప్పిద్దాం. వచ్చో రాదో తేలిపోతుంది." అని ఒక్కో వాక్యం చెప్పి, మీరూ అనండి అన్నట్టు చెయ్యి చూపించాడు. కొట్టాయన సరదా మనిషి. ఒక పక్క కాఫీ కలుపుతూనే తిరిగి చెప్పసాగాడు. "అనీ రోత్సె కఫే, బెవకషా" అని కప్పు వాళ్ళ ముందుకు తోశాడు.

నిరీక్షణ వెనక్కి తోశాడు. "కాఫీ కావాలన్నది ఆయన. మనం తాగితే పాపం."

ఆయన ఇటు తోశాడు. వీళ్ళు అటు తోశారు. నాలుగుసార్లు తోపులాట అయ్యాక విసుగొచ్చి ఆయనే తాగేశాడు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు విని సువార్తమ్మ లేచి లోపలికొచ్చింది. "నా కాఫీ ఏదిరా?"

"ఆయన అడిగాడమ్మా, ఇచ్చేశాం."

"నేను తెల్లారినప్పట్నుంచీ అడుగుతున్నాను కదరా."

"నువ్వు తెలుగులో అడిగావు."

సువార్తమ్మ కాసేపు ఆలోచించింది. "న్యాయమే" అంది.

బస్సు దగ్గర్నుంచి పాస్టరుగారు కేకేశారు. "సువార్తమ్మగారూ, అయిదు నిమిషాలే."

కొట్టాయన ముసలామె తలగుడ్డ చూశాడు, ఎర్రబడ్డ కళ్ళు చూశాడు. ఇంకేమీ అడగలేదు. గబగబా కాగితం కప్పులో చిక్కటి కాఫీ పోసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ వాసనకే సువార్తమ్మకి సగం ప్రాణం లేచొచ్చింది. కప్పు పెదవుల దాకా వెళ్ళింది.

కృపానందం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, అడగకుండా తీసుకుంటే దొంగతనం."

ఆ మాట చెప్పి చెప్పి పిల్లల్ని పెంచింది తనే. పెంపకానికి తలవంచింది. కప్పు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, ఒకటో వాక్యం నుంచి మొదలెట్టింది. కళ్ళు తిరుగుతున్నా వరస తప్పలేదు. పదకొండోది, "కమా జే ఓలే", ఎంతయింది అని. కొట్టాయన డబ్బులొద్దని చెయ్యి ఊపాడు. పన్నెండోది, "తోదా, లెహిత్రాఓత్." ధన్యవాదాలు, వెళ్ళొస్తాను అని.

వెళ్ళొస్తానని చెప్పాక నిలబడితే ఆడిన మాట తప్పినట్టే. సువార్తమ్మ కాఫీ వైపు ఒక్క చూపు చూసి, వెనుదిరిగి, కొడుకులతో సహా వీధి దాటి బస్సెక్కింది.

బస్సు కదిలింది. కొట్టాయన కప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆమె కిటికీ అద్దం తట్టాడు. కప్పు పైకెత్తి చూపించాడు. సువార్తమ్మకి కళ్ళు చెమర్చాయి.

"చూశారట్రా మర్యాద. కాఫీ తాగడం కూడా మానుకుని మనల్ని సాగనంపడానికొచ్చాడు" అంది. అని, అద్దానికి నోరు దగ్గరపెట్టి, చెయ్యి ఊపుతూ చెప్పింది.

"తాగెయ్ నాయనా, చల్లారిపోతుంది."