గౌరీపతి జటాదీక్ష

పట్టాభిశాస్త్రిగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి ఓసారి తేరిపార చూసి, "చూద్దాంలే" అని లేచిపోయేవారు. గోదావరి గట్టున ఆయన ఆశ్రమంలో చదువుకునేవాళ్ళకు అది అలవాటే. ఒకనాడు గౌరీపతి అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, నేను ఈ దేహాన్ని కానని తెలిశాక కూడా దీనికి వైద్యం చేయించాలా?"

ఆ ప్రశ్న శాస్త్రంలోంచి పుట్టింది కాదు, అతని నడినెత్తిన ఉన్న గడ్డలోంచి పుట్టింది. చిన్నతనం నుంచీ అక్కడ రేగిపండంత కాయ ఉండేది. ఏమీ చేయదని అప్పటి డాక్టరు చెప్పాడు, అదీ అన్నేళ్ళూ బుద్ధిగానే పడి ఉంది. ఆ ఏడు ఉన్నట్టుండి పెరగడం మొదలుపెట్టి నిమ్మకాయంత అయింది. తర్వాత పగిలి, తలగడకు రక్తపు చారలు అంటించసాగింది. గౌరీపతికి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ఎవరికీ చెప్పలేదు. క్షౌరం మానేసి, పెరిగిన జుట్టును గడ్డమీదికి లాగి ముడివేసి, అడిగినవాళ్ళకు జటాదీక్ష అన్నాడు. వైరాగ్యం ముదిరిందనుకుని తోటివాళ్ళు దణ్ణాలు కూడా పెట్టారు, పాపం. లోపల మాత్రం అది ఏ జబ్బో, దాని పేరు తలుచుకోవడానికే అతనికి భయం.

పాఠం అయ్యాక ఒక్కొక్కరే వచ్చి వంగితే, శాస్త్రిగారు తలమీద అరచెయ్యి ఉంచి పంపడం అక్కడి ఆచారం. గౌరీపతి కొంతకాలంగా దూరం నుంచే సాష్టాంగపడి తప్పుకుంటున్నాడు. ప్రశ్న అడిగిన ఆ రోజు శాస్త్రిగారు దగ్గరికి రమ్మన్నారు. తప్పించుకునే దారి లేక వంగాడు. చెయ్యి ముడిమీద పడగానే "అబ్బా" అని మూలిగాడు. శాస్త్రిగారు అరచేతికి అంటిన తడి చూసుకున్నారు. ఉత్తరీయం భుజాన వేసుకుని, "ఎవరైనా ఆటో పిలవండి" అన్నారు.

పట్నంలో డాక్టరమ్మ ఆ గడ్డను దాని చుట్టూ ఉన్న మంచి చర్మంతో సహా తీసేసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక గురుశిష్యులిద్దరినీ కూర్చోబెట్టింది.

"వెంట్రుక కుదుళ్ళలో పుట్టే అరుదైన గడ్డ స్వామీ ఇది. చాలామందిలో జీవితమంతా ఊరికే ఉంటుంది. మీది ఒక అంచున క్యాన్సరుగా మారింది. తలమీద ఉన్నదంతా తీసేశాం. కానీ మెడలో బిళ్ళ తగులుతోంది. అదేమిటో స్కాన్ తీస్తేగాని చెప్పలేను. రక్తం కనబడిన మొదట్లోనే వచ్చుంటే బాగుండేది."

స్కాన్ గది బయట బల్లమీద గౌరీపతి రెండు చేతులూ ఒడిలో ఇరికించుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి పేరు పిలిచేలోగా ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పక్కన గురువుగారు ఉన్నారు గనక, నేర్చిన మాటనే పరువు కోసం పట్టుకున్నాడు.

"ఏమైతేనేం గురువుగారూ, దేహం నాది కాదు కదా."

శాస్త్రిగారు చల్లబడిపోయిన అతని చేతిని తన చేతిలోకి తీసుకున్నారు.

"నీది కానిదాన్ని ఇన్నాళ్ళూ మా కంటపడకుండా ఎందుకు దాచావురా?" అన్నారు.