జంబన్న ఏడు వేళ్ళ చెప్పులు

నల్లకొండల నడుమ మద్దిచెట్ల అడవి ఒకటి ఉండేది. అందులో ఎలుగుబంట్లు, దుప్పులు, అడవిపందులు, కుందేళ్ళు ఉండేవి. చారల దుమ్ములగొండి ఒకటి, చెప్పులు కుట్టే ముళ్ళపంది ఒకటి కూడా ఉండేవి. ముళ్ళపంది పేరు సూదమ్మ. ఆమెకు సూది కోసం ఎక్కడా వెతుక్కునే పని లేదు. వీపు మీది ముల్లు ఒకటి పీక్కుని, మద్ది బెరడుకు బెజ్జాలు పెట్టి, అడ్డతీగ నారతో కుట్టేసేది.

అడవి జంతువులకు చెప్పులెందుకని అడుగుతారేమో. అడగాల్సిన మాటే. ప్రతి వేసవిలో ఆ అడవిలోని వాగు ఎండిపోయేది. అప్పుడు అందరూ మాడురాయి బయలు దాటి పాలమడుగుకు పోవాలి. అది మూడు రోజుల నడక. చెట్టు లేదు, నీడ లేదు. కింద రాయి పెనంలా కాలుతుంది. చెప్పులు లేకుండా దాన్ని దాటినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు.

సూదమ్మ సాయంత్రం పూట మాత్రమే కొలత తీసేది. రోజంతా తిరిగితే పాదాలు ఉబ్బుతాయి కదా, అందుకు. ప్రయాణంలో మోయబోయే బరువును వీపున ఎక్కించుకుని రమ్మనేది. మెత్తటి బూడిద పరిచి, దాని మీద నిలబెట్టి, పడిన అచ్చు వెడల్పును తన వేళ్ళతో కొలిచేది. "నీది ఐదు వేళ్ళు. నీది ఎనిమిది." ఇలా అందరి ముందూ పైకే చెప్పేది.

ఆ వేసవిలో వాగు ఎప్పటికన్నా ముందే ఎండింది. అందరూ సూదమ్మ దగ్గర వరసకట్టారు. దుమ్ములగొండి వంతు వచ్చింది. దాని పేరు చారయ్య. చారయ్య ముందరి పాదాలు ఎనిమిది వేళ్ళు, వెనకవి ఆరు.

మగజంతువులన్నీ పకపకా నవ్వాయి. "ముందు అన్నయ్య, వెనక తమ్ముడు!" అని ఒక గొంతు గట్టిగా అరిచింది.

చారయ్య ఏమీ అనుకోలేదు. "నాకున్నవి ఇవే. వీటికే కుట్టు సూదమ్మా. నవ్వేవాళ్ళు వచ్చి నా బదులు నడుస్తారా ఏమిటి?" అన్నాడు.

అరిచిన ఆ గొంతు జంబన్నది. జంబన్న రెండు కాళ్ళ మీద నడిచే ఎలుగుబంటి. మూడేళ్ళ కిందట పరుగుపందెంలో గెలిచి, బహుమతిగా ఒక చొక్కా అందుకున్నాడు. అప్పుడు ఆయన పాదం ఏడు వేళ్ళు. సన్నపాదం పడుచుదనానికి గుర్తని ఆ అడవిలో మగవాళ్ళకు ఒక పిచ్చి నమ్మకం. కాబట్టి కనబడిన ప్రతివాడితోనూ "నాది ఏడు" అని చెప్పుకు తిరిగేవాడు.

ఈ మూడేళ్ళలో ఆయన ఎంత ఇప్పపువ్వు తిన్నాడో, ఎన్ని తేనెపట్టులు ఖాళీ చేశాడో ఆయనకే తెలియాలి. చొక్కాకు మూడు బొత్తాలుండేవి. ఒకటి వానాకాలంలో తెగింది. ఇంకొకటి మరదలి పెళ్ళిలో ఎగిరి పెళ్ళికొడుకు ముక్కుకు తగిలింది. "చొక్కా ఉతుకులో కుంచించుకుపోయింది" అనేవాడు జంబన్న. పాపం, తప్పంతా చొక్కాదే!

జంబన్న భార్య నేరేడమ్మ. వాళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదాని పేరు ఇప్పి.

"పెద్దదాన్ని నేను మోస్తాను. ఇప్పిని నువ్వు మోయాలి" అంది నేరేడమ్మ. "సాయంత్రం దాన్ని ఎక్కించుకుపోయి కొలత ఇచ్చి రావయ్యా."

జంబన్న తల ఊపాడు. కానీ సాయంత్రం వెళ్ళలేదు. అందరూ చూస్తుండగా సూదమ్మ "తొమ్మిది" అంటే? చారయ్యను చూసి నవ్విన నోళ్ళు తనను చూసి నవ్వితే? ఆ ఊహకే ఆయనకు చెమట పట్టింది.

మర్నాడు తెల్లవారగానే ఒంటరిగా బయలుదేరాడు. వాగులో మిగిలిన చల్లటి గుంటలో పాదాలు నానబెట్టుకున్నాడు. పొట్ట లోపలికి పీల్చి సూదమ్మ ముందు నిలబడ్డాడు.

"పొద్దున్నే వచ్చావేం? పిల్ల ఏదయ్యా?" అంది సూదమ్మ.

"పిల్లెందుకు? నా కొలత లోకమంతటికీ తెలుసు. ఏడు వేళ్ళు. కుట్టేసెయ్."

"ఒక్కసారి బూడిదలో నిలబడు."

"నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

సూదమ్మ ఆయన పాదాల వైపు చూసింది. "ఇవి ఏడు కావు జంబన్నా. బిగుతుగా ఉంటాయి" అంది మెల్లగా.

"వేసుకోగా వేసుకోగా వదులవుతాయిలే."

"తోలయితే వదులవుతుంది. ఇది బెరడు. సాగదు, చిట్లుతుంది."

"కుడతావా, కుట్టవా?" అని గుర్రుమన్నాడు జంబన్న.

ఇంకా ఇరవై జతలు కుట్టాలి. వాదించే ఓపిక సూదమ్మకు లేకపోయింది. కుట్టేసింది. ఆ తప్పు మాత్రం ఆమెదే. తరవాత ఆమే ఒప్పుకుంది.

అది జరిగిన మూడో రోజున అందరూ బయలుదేరారు. సొరబుర్రల్లో నీళ్ళు నింపుకున్నారు. జంబన్న ఇప్పిని వీపున ఎక్కించుకుని, ఉన్న ఒక్క బొత్తాం పెట్టుకుని, అందరికన్నా ముందు నడిచాడు. మధ్యాహ్నానికి కుంటడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అంది నేరేడమ్మ.

"కొత్త చెప్పులు కదా, కరుస్తున్నాయి. రేపటికి సర్దుకుంటాయి" అన్నాడు.

సర్దుకోలేదు. రెండో రోజుకు నార పాదంలోకి దిగిపోయింది. ఇప్పి బరువుకు పాదం పక్కలకు పొంగి, చెప్పు దాటి బయటికి వచ్చింది. పొంగినచోటల్లా రాయి కాల్చింది. ఆయన పళ్ళ బిగువున నడిచాడే తప్ప ఒక్క మాట పైకి చెప్పలేదు. పొద్దు వాలే వేళకు ఎడమ చెప్పు నిలువునా చిట్లింది. వెంటనే కుడిది కూడా చిట్లింది.

జంబన్న రెండడుగులు వట్టికాళ్ళతో వేశాడు. మూడోది వెయ్యలేక కూలిపోయాడు. ఇప్పి ఆయన మెడ పట్టుకుని భయంతో ఏడ్చింది.

నేరేడమ్మ పరుగున వచ్చి చిన్నదాన్ని కూడా వీపున ఎక్కించుకుంది. ఇద్దరు పిల్లల బరువుకు పది అడుగులు కూడా వెయ్యలేకపోయింది. మోకాళ్ళ మీద పడింది. ఇప్పి దిగి మళ్ళీ నాన్న మెడ పట్టుకుంది. సొరబుర్రలు అప్పటికే అడుగంటాయి. ఇంకో రోజు నడక మిగిలే ఉంది. ఆగితే అందరూ చస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు.

జంబన్న సూదమ్మ వైపు చూశాడు. ఇప్పుడు అందరూ వింటున్నారు. ఆయనకు ఇంక ఆ సిగ్గు లేదు.

"నాది తొమ్మిది వేళ్ళు సూదమ్మా. తొమ్మిదికి ఒక జత కుట్టిపెట్టు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

సూదమ్మ చుట్టూ చూసింది. కనుచూపు మేర రాయే. "ఇక్కడ బెరడు ఎక్కడ తెచ్చేదయ్యా?" అని ఏడ్చింది.

అప్పుడు వెనక నుంచి చారయ్య వచ్చాడు. ముందరి కాళ్ళకు పెద్ద చెప్పులు, వెనక కాళ్ళకు చిన్న చెప్పులు. ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు. "పాపను నాకివ్వండి. నిండు సొరబుర్రల బరువుతో కొలత ఇచ్చాను, అవిప్పుడు దాదాపు ఖాళీ. నేను మోస్తాను" అన్నాడు.

ఎలుగుబంటి తన పిల్లను దుమ్ములగొండికి అప్పగించడం ఏ అడవిలోనూ జరగలేదు. నేరేడమ్మ భర్త ముఖంలోకి చూసింది. జంబన్న ఇప్పిని తన మెడ నుంచి విడదీశాడు.

"దీని గోళ్ళు వాడి. మెడ గట్టిగా పట్టుకుంటుంది" అన్నాడు.

"పట్టుకోనివ్వు" అన్నాడు చారయ్య.

దగ్గరలో ఒక బండ ఉంది. దాని కింద కాస్త నీడ, కాస్త చెమ్మ ఉన్నాయి. జంబన్నను మోయగల సత్తువ ఎవరికీ లేదు. ఆయన పాకుతూ అక్కడికి చేరాడు. "నీళ్ళు తెస్తాను, ఇక్కడే ఉండు" అంది నేరేడమ్మ. వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. ఆ లెక్క ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. "సరే, తీసుకురా" అన్నాడు జంబన్న. ఇప్పి చారయ్య వీపు మీద వెనక్కి తిరిగి కూర్చుని, బండ కనిపించినంత సేపూ చూస్తూనే ఉంది.

వాళ్ళు పాలమడుగు చేరారు. నేరేడమ్మ చెప్పులు అక్కడికి వచ్చేసరికి అరిగి ముక్కలయ్యాయి. బెరడు వెతికి, కొత్తవి కుట్టించుకుని, నీళ్ళతో తిరిగి వెళ్ళడానికి నాలుగు రోజులు పట్టింది. సూదమ్మ ఆమెకు తోడు వెళ్ళింది. నాన్నను చూస్తానని ఏడ్చిన ఇప్పిని చారయ్య మోసుకొచ్చాడు.

బండ పక్కన చొక్కా మడత పెట్టి ఉంది. కాస్త అవతల జంబన్న కనిపించాడు. ఆ సంగతి నేను ఎక్కువ చెప్పలేను పిల్లలూ. నేరేడమ్మ నీళ్ళబుర్ర పక్కన పెట్టి అక్కడే కూలబడింది.

బండ కింద ఆయన చెమ్మ కోసం తవ్విన గుంట ఉంది. ఆ బురద ఎండి గట్టిపడింది. దాని మీద ఆయన పాదాల అచ్చులు, గోళ్ళతో సహా, స్పష్టంగా పడి ఉన్నాయి.

సూదమ్మ వంగి ఒక అచ్చు మీద తన వేళ్ళు పెట్టింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. తొమ్మిది వేళ్ళు నిండాక ఇంకో అరవేలు మిగిలింది.

దారి కోసం తెచ్చుకున్న బెరడు ఆమె సంచిలో ఉంది. సూదమ్మ వీపు మీంచి ముల్లు పీకింది. ఎవరూ అడగకుండానే తొమ్మిదిన్నర వేళ్ళకు ఒక జత కుట్టి, జంబన్న పాదాల దగ్గర పెట్టింది.

ఇప్పి చారయ్య వీపు దిగి వచ్చింది. "ఇవి మా నాన్నకు సరిపోతాయా?" అని అడిగింది.

"సరిగ్గా సరిపోతాయమ్మా" అంది సూదమ్మ. ముఖం తిప్పేసుకుంది.

ఆ తరవాత ప్రతి వేసవిలోనూ చారయ్య ఇప్పిని మోశాడు. అది నడవగలిగేదాకా మోశాడు. సాయంత్రం కొలతల దగ్గర అందరికన్నా ముందు ఆయన్నే నిలబెట్టేవారు. ఎనిమిది, ఆరు అని సూదమ్మ పైకి చెప్పేది. ఎవరూ నవ్వేవారు కాదు.

నీతి: ఉన్న కొలత చెప్పుకోవడానికి సిగ్గుపడినవాడు, అవసరమైన రోజున తనవాళ్ళతో కలిసి నడవలేడు.