మూత పగిలిన ఇసుక

నది సముద్రంలో కలిసే చోట ఒక రాజు ఉండేవాడు. అక్కడి ఇసుక కింద రాతినూనె ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. అప్పటి నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. రాళ్లు చదివే ఒకామెను పిలిపించాడు.

"ఉందో లేదో తేల్చు. ఉంటే ఒడ్డున ఉన్న పల్లెను ఖాళీ చేయిస్తాను," అన్నాడు.

ఆమె పల్లె పక్కనే గొట్టం దించి నేలను తొలిపించింది. పైకొచ్చిన ప్రతి ముక్కనూ కడిగి, వేళ్లతో తడిమి చూసేది. మొదట ఒండ్రు వచ్చింది. దాని కింద సముద్రపు గవ్వలు. ఇంకా కింద, రాతిలో ఆకుల అచ్చులు. ఎప్పుడో ఇక్కడ అడవి ఉండేదన్నమాట! ఆ ముక్కలు చూస్తూ ఆమె అన్నం సంగతే మరిచిపోయేది.

ఆ పల్లెలో వలలు అల్లే ఒక ముసలమ్మ రోజూ వచ్చి పక్కన కూర్చునేది.

"సామాను కట్టేసుకోమంటావా తల్లీ?"

"ఇంకా తెలీదు అవ్వా."

"అడుగునేముందో నాకూ చూపించు. పుట్టినకాడి నుంచీ దాని మీదే పడుకుంటన్నాను."

ఒక మధ్యాహ్నం, బంకమట్టి గట్టిపడి రాయైన బంకరాయి వచ్చింది. దాని కింద ఇసుకరాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన! కానీ ఆ ఇసుక నిండా ఉప్పునీరే. అనుమానం వచ్చి బంకరాయిని ఎండలో తిప్పి చూసింది. నిలువునా పగులు.

కబురందుకుని రాజు భటులతో పరుగున వచ్చాడు. రాయి వాసన చూశాడు.

"ఉందిగా!"

"ఉండేది ప్రభూ. వెళ్లిపోయింది."

"ఎవరు తీసుకుపోయారు?"

"ఎవరూ కాదు. ఈ బంకరాయే దానికి మూత. మనిషి పుట్టకముందే నేల కదిలి మూత పగిలింది. నూనె ఆ పగులులోంచి మెల్లగా పైకి ఎగబాకి సముద్రంలో కలిసిపోయింది."

"సభలో మాత్రం ఉందనే చెప్పు. లేదంటే నా పరువేం కావాలి?"

"చెప్పలేను ప్రభూ."

భటులు ఆమె వైపు కదిలారు. ముసలమ్మ లేచి నిలబడింది. రాజు ఎవరినీ చూడలేదు. ఆకు అచ్చు ఉన్న రాతిముక్క ఆయన కంటబడింది. తీసుకుని, దాని ఈనెలను వేలితో చాలాసేపు తడిమాడు.

"ఇది ఏ చెట్టుది?"

"ఇప్పుడు భూమ్మీద లేని చెట్టుది."

"దీని కింద ఏముంది?"

"తెలియదు ప్రభూ."

రాజు భటులను వెనక్కి పంపేశాడు. పల్లె జోలికి పోవద్దన్నాడు. ముసలమ్మ మళ్లీ కూర్చుంది. ఆయన చెప్పులు విడిచి, ఆమె పక్కన బురదలో చతికిలబడ్డాడు.

"తవ్వు," అన్నాడు.

"నూనె కోసమా ప్రభూ?"

రాజు ఆకు అచ్చున్న రాయిని ఒళ్లో పెట్టుకుని గొట్టం వైపు వంగాడు. ముసలమ్మ కాస్త పక్కకు జరిగి, ఆయనకు కూడా గొట్టం మూతి కనిపించేలా చోటిచ్చింది.