బ్యాటరీ కారు, జట్కా గుర్రం

కార్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఓ జమీందారు దొరల సీమ నుంచి బ్యాటరీతో నడిచే కారు తెప్పించాడు. దాని ముందు ఏ గుర్రం నడిచినా బండి జప్తు చేస్తామని దండోరా వేయించాడు. ఆ కారు మెల్లగా నడిచేది. వెనకే పడి వచ్చే జట్కాలు రైలు వేళకు స్టేషను చేరక, వాటిని ఎక్కేవాళ్లే కరువయ్యారు.

ఒకనాడు జమీందారు కలెక్టరు దొరతో ఆ కారులో వస్తుండగా బ్యాటరీలో కరెంటు అయిపోయి కారు ఆగిపోయింది. వెనక దస్తగిరి అనే జట్కావాడి బండి కూడా ఆగింది.

“చూస్తావేంరా, గుర్రాన్ని కట్టి లాగించు,” అన్నాడు జమీందారు.

“లాగాలంటే గుర్రం ముందుండాలి ప్రభూ. తమరు వద్దన్నారుగా.”

“అయితే వెనక నుంచి తోయించు!”

“తోయడం దానికి రాదు ప్రభూ.”

కలెక్టరు ఫక్కున నవ్వాడు. జమీందారు ముఖం కందిపోయింది. “సరే, ఆ దండోరా రద్దు.”

దస్తగిరి కళ్లెం పట్టుకుని కదల్లేదు. “నా ఒక్కడికా, జట్కావాళ్లందరికీనా ప్రభూ?”

“అందరికీరా! ముందు కట్టు!”