చక్రం కింద నిమ్మకాయ

శివబోధస్వామికి ఎవరినీ నమ్మని జబ్బుందని ఆశ్రమంలో చాలామంది చాటుగా అనుకునేవారు. వంట ముగిశాక శిష్యుడు వేదగిరి గ్యాసు కట్టేసి వచ్చినా, ఆయన మళ్ళీ వెళ్ళి ఆ మర తిప్పి చూసి వచ్చేవారు. ఏళ్ళ తరబడి సేవ చేసినవాడికి అది గుచ్చుకోదూ? ఒకనాడు వేదగిరి అడిగేశాడు.

"నమ్మి చెడినవాడు లేడంటారు. కట్టేశానని నేను చెప్పాక కూడా మీరు వెళ్ళి చూస్తారు. నా మాటకు ఇంతేనా విలువ, స్వామీ?"

స్వామి ప్రార్థన మందిరంలో రంగులపని మొదలవుతోంది, చూసొద్దాం రమ్మని లేచారు. మాట దాటేస్తున్నారని వేదగిరికి అనుమానం. అయినా వెనకే నడిచాడు.

మందిరం కప్పు చాలా ఎత్తు. దానికి రంగు వేయడానికి ఇనుప గొట్టాలతో బిగించిన చక్రాల పరంజా ఒకటి ఆ ఉదయమే తెచ్చి నిలబెట్టారు. అడుగున నాలుగు చక్రాలు, ఒక్కోదానికీ కాలితో తొక్కే బ్రేకు. చక్రాలున్నది ఏదైనా మనవాళ్ళకు బండే కదా! మేస్త్రీ పైడయ్య దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రానికొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టించాడు. బ్రేకులు వదిలి, పరంజాను కాస్త ముందుకు తోయించి కాయలు నలిగాక, మళ్ళీ తనే వరసగా బ్రేకులు తొక్కాడు. కొబ్బరికాయ కొట్టి, పైకెళ్ళి మొదటి పూత వేయమని అల్లుడు గౌరీసుకు చెప్పాడు.

గౌరీసు కొత్తల్లుడు. నిచ్చెన మీద కాలు పెట్టినవాడు ఏమనుకున్నాడో దిగి, చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బ్రేకు మీద చెయ్యి వేశాడు. పైడయ్య మొహం మాడిపోయింది.

"బ్రేకులు నానే ఏసినాను. మావ మాట మీద నమ్మకం నేదేటి?"

పనివాళ్ళు నవ్వారు. అత్త వడ్డించిన అన్నం కూడా ముందు పిల్లికి పెట్టి చూస్తాడేమో అని ఒకడు ఎగతాళి చేశాడు. గౌరీసు సిగ్గుతో చెయ్యి తీసేసి మళ్ళీ నిచ్చెన పట్టుకున్నాడు. కింద నాపరాళ్ళ నేల. పదిమందిలో పరువు పోవడం కంటే పడి చావడమే నయమనిపించే బుద్ధి మనుషులకు ఎక్కణ్ణించి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు స్వామి కల్పించుకున్నారు. మొదటి పూత పెద్దవాళ్ళ చేతి మీదుగా పడితే శుభమని, మేస్త్రీనే ఎక్కమన్నారు.

దానికేం భాగ్యమంటూ పైడయ్య పంచె ఎగ్గట్టి నిచ్చెన మీద చెయ్యి వేశాడు. వేసి ఆగాడు. ఈ ముసలాయన తననెందుకు ఎక్కమంటున్నాడా అని స్వామి వైపు ఒకసారి చూశాడు. తలెత్తి పైబల్లకేసి చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వంగి ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తోసి చూడసాగాడు. అల్లుడి ప్రాణానికి సరిపోయిన మాట తన ప్రాణానికి చాలలేదు.

మూడు చక్రాలు కదల్లేదు. నాలుగోది తోయగానే తిరిగింది. నలిగిన నిమ్మతొక్క ఒకటి చక్రానికి అంటుకుని పైకి వచ్చి, బ్రేకు కింద ఇరుక్కుని ఉంది. చూపుకి బ్రేకు దిగే ఉంది, పట్టు మాత్రం లేదు. పైన మనిషి గోడవైపు వంగి ఉంటే ఏమయ్యేదో అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది. నవ్వినవాళ్ళు నేల చూపులు చూశారు. పైడయ్య ఆ తొక్క చేతిలో పట్టుకుని కూలబడ్డాడు. తొక్కాను సామీ, ఒట్టు, అని మాత్రం అన్నాడు. అల్లుడి మొహం చూడలేకపోయాడు. గౌరీసు చెంబుతో నీళ్ళు తెచ్చి చక్రం కడిగాడు.

తిరిగి వస్తుంటే వేదగిరికి మనసు ఆగలేదు. పాపం, మేస్త్రీ అబద్ధమాడలేదనీ, నాలుగు బ్రేకులూ తొక్కడం తాను కళ్ళారా చూశాననీ అన్నాడు.

"అబద్ధమాడాడని ఎవరన్నారు?" అన్నారు స్వామి. "అల్లుడు అడిగింది చక్రాన్ని, మామను కాదు. మామకు కోపం ఎందుకొచ్చిందో నువ్వే చెప్పాలి."